చుట్టాలు లేని ఊరికి డెబ్భై పాయింట్లు

పెళ్ళయిన పదమూడేళ్ళలో మా ఆవిడ నన్ను నోరు తెరిచి అడిగింది ఒక్కటే. చుట్టాలు లేని ఊరికి ఒక వారం తీసుకెళ్ళమని. నగ అడిగితే ధర తగ్గాక చూద్దామనొచ్చు. చీర అడిగితే అరియర్స్ రానీ అనొచ్చు. దీనికి ఏ సాకు చెప్పాలో నాకు చాలాకాలం తోచలేదు. మా వైపు జనం అసలు చుట్టాలు లేని ఊరికి వెళ్ళరు. వెళ్ళి అక్కడ ఏం చేస్తాం?

నేను టెక్కలిలో గవర్నమెంటు జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరర్ని. మాకు ఒక్కతే అమ్మాయి. మాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. ఆమెది ఉద్దానం, పూండి స్టేషన్లో దిగి ఆటోలో సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు, ఇంటి వెనక నుంచి జీడితోటలు. రెండు వైపులా బలగం బాగా ఎక్కువ. విశాఖపట్నం వెళ్తే మేనమామ ఇంట్లో దిగాలి. బరంపురం వెళ్తే పెద్దమ్మ కొడుకు ఇంట్లో. సింహాచలం దర్శనానికి వెళ్ళినా కొండ కింద ఎవరో ఒక వేలువిడిచిన బాబాయి కాచుకుని ఉంటాడు. ఊళ్ళో చుట్టం ఉండగా లాడ్జీలో దిగితే ఆ చుట్టం పదేళ్ళు మాట్లాడడు, పదకొండో ఏట మాట్లాడినా అదే మాట ఎత్తుతాడు. మాలో లాడ్జీ అంటే కోర్టు వాయిదాకో పెద్దాసుపత్రికో వెళ్ళినవాళ్ళు దిగేది. ఏ పనీ లేకుండా లాడ్జీలో దిగినవాడి గురించి ఊళ్ళో ఏమనుకుంటారో నేను రాయక్కర్లేదు.

ఇందులో నాకు ఇబ్బందేమీ కనపడేది కాదు. ఇబ్బంది ఎక్కడుందో ఆవిడే ఒకసారి చెప్పింది, విశాఖపట్నం నుంచి పాసింజర్లో వస్తూ.

"మీకేటండీ, దిగ్గానే మంచమెక్కీసి పేపరు పట్టీసుకుంటారు. నాకు అరగంటలో కత్తిపీట సేతికిచ్చీసి ఒలే పిల్లా, ఆ వంకాయలు కోసీ అంటారు. ఎక్కడికెళ్ళినా అవే వంకాయలు. నన్నెవరూ ఎరగని ఊరికి ఒక్క వారం తీసుకెళ్ళండి. మీరూ నేనూ. అంతే."

సరే అన్నాను. నేను చాలా తేలిగ్గా సరే అంటాను. ఆ గుణం వల్లే మా సంసారం పదమూడేళ్ళు గొడవ లేకుండా నడిచింది, ఆ గుణం వల్లే ఏదీ జరగలేదు కూడా.

ఇక్కడ మా తోడల్లుడి గురించి చెప్పాలి. మా ఆవిడ అక్క మొగుడు. కాశీబుగ్గలో జీడిపప్పు తయారుచేసే పరిశ్రమ ఉంది ఆయనకి. దానికంటే పెద్ద పని తోటలు కొనడం. తోటలంటే నేల కాదు, ఆ ఏటి పంట. చెట్టు పూత మీద ఉండగానే వెళ్ళి, కొమ్మ వంచి పూత చూసి, ఈ తోటకి ఇన్ని బస్తాల జీడిపిక్కలు దిగుతాయని తేల్చి రైతుకి డబ్బు ఇచ్చేస్తాడు. ఆ తర్వాత మంచు పడినా, గాలి వచ్చినా ఆయన ఖర్మ. కొన్నేళ్ళు తేల్చింది తేల్చినట్టు దిగేది, కొన్నేళ్ళు సగం కూడా దిగేది కాదు. మాట్లాడే ధీమాలో మాత్రం ఏ ఏడూ తేడా లేదు. నన్ను ఎదురుగా తమ్ముడూ అంటాడు, వెనకాల లెక్కల పంతులు అంటాడు. నేను ఎదురుగా అన్నయ్యా అంటాను. వెనకాల ఏమంటానో మా ఆవిడకి తెలుసు, చాలు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయన విశాఖపట్నంలో ఏదో ఎగ్జిబిషన్‌కి వెళ్ళాడు. అక్కడ ఒక స్టాలు ముందు అద్దాల పెట్టె పెట్టి కూపన్లు పంచుతున్నారట. కాగితం ఊరికినే ఇత్తన్నారు కదా అనీసి ఆయన నాలుగు నింపి వేశాడు, అందులో ఒకటి నా పేరు మీద. నెల తిరక్కుండా మా ఇంట్లో ఫోను మోగింది. అవతల ఒక అమ్మాయి, పంచదార పాకంలో ముంచి తీసిన గొంతు. సార్, మీరు సెలెక్ట్ అయ్యారు, భార్యాభర్తలిద్దరూ ఫలానా హోటల్‌కి రావాలి, రెండు గంటలు కూర్చుంటే చాలు, గిఫ్టు గ్యారంటీ అంది. నేను ఈ వయసులో నన్ను దేనికి సెలెక్ట్ చేశారమ్మా అని పెట్టేయబోతుంటే మా ఆవిడ చేతిలో గరిటెతో వచ్చి నిలబడింది.

"ఏటంట?"

"ఏదో హాలిడే మెంబర్షిప్పంట. దేశంలో కొండల మీద, సముద్రాల పక్కన గదులున్నాయంట. కొనుక్కుంటే ఏటా వెళ్ళి ఉండొచ్చంట. అంతా మోసం."

"ఆ ఊళ్ళల్లో మనోళ్ళెవరైనా ఉన్నారేటి?"

"ఎవరుంటారు, ఊటీలో మనవాళ్ళు?"

"అయితే వత్తామని సెప్పండి" అంది.

రెండు జంటలం ఒకే రోజు పలాసలో రైలెక్కి వెళ్ళాం. హోటల్ హాల్లో ఏసీ ఎంత పెట్టారంటే మా వదిన, అంటే మా ఆవిడ అక్క, పమిట తలమీదుగా కప్పుకుని కూర్చుంది. గుండ్రటి బల్లలు, బల్లకొక టై కట్టుకున్న మనిషి. ఎవరైనా సంతకం పెట్టగానే ఒక గంట మోగించేవారు, టైలన్నీ లేచి చప్పట్లు కొట్టేవి. ఆ చప్పట్లు విని సంతకం పెట్టినాయన నిజంగానే ఏదో సాధించినట్టు నిలబడి దణ్ణం పెట్టేవాడు. నాకు కడుపులోంచి నవ్వు వస్తోంది. మా ఆవిడ నా మోకాలి మీద గిల్లింది.

మా బల్లకి వచ్చిన టై చెప్పిన వ్యవహారం ఇదీ. మనం కొనేది గది కాదు, పాయింట్లు. లక్ష రూపాయలు కడితే ఇరవై అయిదేళ్ళ పాటు ఏటా డెబ్భై పాయింట్లు మన ఖాతాలో పడతాయి. సెలవుల రద్దీ ఉండే ఎండాకాలాన్ని ఎర్ర వారాలంటారు. అప్పుడు నలుగురు పట్టే గదికి వారానికి డెబ్భై పాయింట్లు పోతాయి. ఎవరూ కదలని వానాకాలాన్ని పచ్చ వారాలంటారు. అప్పుడు అదే గదికి ముప్ఫై అయిదు. ఈ ఏడు వాడకపోతే వచ్చే ఏడుకి మోసుకుపోవచ్చు, ఆ పైన అవి చచ్చిపోతాయి. ఇది కాక ఏటా మెయింటెనెన్స్ అయిదు వేలు, వెళ్ళినా వెళ్ళకపోయినా. అది పెరగదా అని అడిగాను. నామినల్‌గా పెరుగుతుంది సార్ అన్నాడు, నామినల్ అనే చోట గొంతు తగ్గించి.

మా తోడల్లుడు అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"బాగున్నాది. తోట సూపించు."

"సార్?"

"గదులు. ఏ తోటైనా నేను కొమ్మొంచి సూసుకొని కొంతాను. నువ్వు పుస్తకంలో బొమ్మ సూపిత్తన్నావు."

"సార్, ఇది ప్రాపర్టీ కాదు సార్. ఇది లైఫ్ స్టైల్."

"అంటే ఇంకా కాయలేదు. పూత మీద బేరమన్నమాట. అయితే మా కాడ పద్ధతి సెప్తాను ఇనుకో. సగం ఇప్పుడిత్తాను. మిగతా సగం పిక్కలు దింపినాక."

టైకి పిక్కలంటే ఏమిటో అర్థం కాలేదు. మేనేజరు దగ్గరికి మూడుసార్లు వెళ్ళొచ్చాడు. నాలుగోసారి మేనేజరే వచ్చాడు. ఆయనకీ అర్థం కాలేదు కానీ, ఎదుటి మనిషి డబ్బిచ్చే రకమని అర్థమైంది. చివరికి మూడు వాయిదాలు, పైన అయిదు పాయింట్లు కొసరు, ఒక ప్రెషర్ కుక్కరు అన్నచోట బేరం తెగింది. నిజం చెప్పాలంటే ఆ హాల్లో ఆ రోజు బేరమాడినవాడు మా తోడల్లుడు ఒక్కడే. గంట మోగింది, చప్పట్లు పడ్డాయి. ఆయన దణ్ణం పెట్టలేదు. ఏదో చిల్లర తోట కొన్నట్టు తువ్వాలు దులుపుకున్నాడు.

నేను అంత తేలిగ్గా పడే మనిషిని కాదు. వాళ్ళిచ్చిన రంగుల పుస్తకమే వెనక్కి తిప్పి, అట్ట మీద లెక్క వేశాను. లక్ష బ్యాంకులో వేస్తే ఏడాదికి తొమ్మిదివేలు వడ్డీ. దానికి మెయింటెనెన్స్ అయిదువేలు కలుపు. పద్నాలుగువేలు. ఇంత పోసి కొన్నది మే నెలలో ఒక్క వారం. అదే ఊటీలో మే నెలలో మంచి లాడ్జీ గది రోజుకి ఎనిమిది వందలనుకున్నా వారానికి అయిదువేల ఆరువందలు. అంటే ఏటా ఎనిమిదివేల నాలుగువందలు పట్టుకెళ్ళి ఈ టైకి దణ్ణంపెట్టి ఇస్తున్నాం. పైగా లక్ష తిరిగి రాదు. బల్ల మీదకి వంగి బోర్డు మీద చెప్పినట్టే చెప్పాను, ఒక్కో అంకె కింద గీత గీసి. పక్క బల్ల జంట కూడా విని పుస్తకం మూసేశారు. టై మొహం మాడిపోయింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో నా క్లాసు అంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు.

మా ఆవిడ మాత్రం వినలేదు. రంగుల పుస్తకం ఇంకోటి ముందు పెట్టుకుని ఒక బొమ్మ దగ్గర ఆగిపోయింది. ఏదో వరండా, రెండు పేము కుర్చీలు, ముందంతా మంచు. కుర్చీల్లో మనుషులు లేరు. ఆమె దాన్ని ఎంతసేపు చూసిందో నాకు ఇప్పుడు గుర్తుంది. అప్పుడు పట్టించుకోలేదు.

తిరుగు రైల్లో మా వదిన కుక్కరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మాకు గిఫ్టుగా గోడగడియారం ఇచ్చారు, అది పలాసలో రైలు దిగేలోపే ఆగిపోయింది. మా ఆవిడ కిటికీలోంచి చూస్తూ చెప్పింది.

"లెక్క బాగా వేసారు."

నేను మెచ్చుకోలనుకున్నాను. పొంగిపోయి, చూడు, ఆ వడ్డీ డబ్బుతోనే వచ్చే మే నెలలో నిన్ను ఊటీ తీసుకెళ్తాను, లాడ్జీలో దిగుదాం, దర్జాగా అన్నాను. లక్ష ఆ సోమవారమే బ్యాంకులో వేశాను.

వచ్చే మే నెల వచ్చింది. ఏప్రిల్ అంతా శ్రీకాకుళంలో ఇంటర్ పేపర్లు దిద్దడం సరిపోయింది. మే మొదట్లో మా అన్న కూతురి పెళ్ళి. అది అయ్యాక ఎండలు బాగా ముదిరాయి. ఆ ఏడు వడ్డీతో ప్రహరీ గోడ కట్టించాను. ఆమె గోడకి నీళ్ళు కొట్టింది, రోజుకి రెండుసార్లు.

మా తోడల్లుడు ఆగస్టులో ఊటీ వెళ్ళాడు. ఆయన సరదాకి వెళ్ళాడనుకుంటే పొరపాటు. కొన్న తోటలో పిక్కలు ఏరకుండా వదిలేస్తే దారిన పోయేవాడు ఏరుకుపోతాడు. ఉద్దానంలో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతి. పాయింట్లూ అంతేనని ఆయన మనసులో పడిపోయింది. తను వెళ్ళకపోతే తన గదిలో, తన మంచం మీద ఎవడో బంగాళాదుంపల వ్యాపారి దర్జాగా పడుకుంటాడని ఆయనకి నిద్రపట్టేది కాదు. అలా కాదు అన్నయ్యా, పాయింట్లు చస్తే చచ్చినట్టే, ఎవరికీ పోవు అని నేను నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను.

"నీకు తెల్దు తమ్ముడూ. ఊరికినే పోయిందేదైనా ఎవడికో ఒకడికి పోతాది" అన్నాడు.

ఊటీ నుంచి ఎస్టీడీ చేసి వానని తిట్టాడు, అక్కడి ఇడ్లీని తిట్టాడు, నీళ్ళ చలిని తిట్టాడు. కానీ ఏడు రోజులూ ఉన్నాడు. ఏడో రోజు పదింటికి ఖాళీ చేయాలంటే పదింటి వరకూ మంచం దిగలేదట. మా వదిన చెప్పి చెప్పి నవ్వింది. వదిన ఊటీలో ఏడు రోజులూ పొయ్యి ముట్టుకోలేదని కూడా చెప్పింది. ఆ మాట విన్నప్పుడు మా ఆవిడ నవ్వడం ఆపింది.

ఆ వారమే, బట్టలు మడతపెడుతూ, నాతో అంది.

"మీరు లెక్క మే నెలకేసారు."

"మరి? సెలవులు అప్పుడే కదా."

"మీకు. మావోళ్ళు ఎప్పుడైనా మే నెలలో కదుల్తారేటండీ? పిక్కలు దిగిన కాలం, ఇంట్లో సావైనా ఒక్కపూటలో కానిచ్చీసి తోటకెళ్తారు. కదిలితే వానల్లోనే కదుల్తాం. బావ పచ్చ వారాలు తీసుకుంటన్నాడు. సగం పాయింట్లే."

నేను గతుక్కుమన్నాను. ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పినవాడు, ఉద్దానం అల్లుడు, ఏడాదిని తన కాలేజీ సెలవుల చీటీ ప్రకారం లెక్కేశాడు. పచ్చ వారాలైతే డెబ్భై పాయింట్లకి ఒకటి కాదు, రెండు వారాలు వస్తాయి. పుస్తకం వెతికి తెచ్చి మళ్ళీ వేశాను. పద్నాలుగువేలకి రెండు వారాలు, అంటే వారం ఏడువేలు. వానల్లో లాడ్జీ కూడా అయిదువందలకి దొరుకుతుంది, వారానికి మూడున్నర వేలు. వారం మీద ఎనిమిదివేల నాలుగువందల నష్టం కాస్తా మూడున్నర వేలకి దిగింది. అయినా నష్టం నష్టమే. ఆ మాటే గర్వంగా చెప్పాను. బుద్ధి ఉన్నవాడెవడూ చెప్పడు. నేను చెప్పాను.

ఆమె నా చొక్కా మడతపెట్టడం పూర్తిచేసి, "సరే" అంది. ఇన్నాళ్ళూ ఆ మాట నాది.

ఆ మరుసటి ఏడు వర్షాలు పట్టాక మా వదిన వచ్చి గదిలో నాలుగు మంచాలుంటాయి, మేమిద్దరమే కదా, రెండు ఖాళీగా పడున్నాయి అంది. తోడల్లుడికి ఖాళీ మంచమంటే ఒళ్ళు మండుతుందని మనకి తెలిసిందే. మూడో మంచం మా అత్తకి, నాలుగోది మా ఆవిడకి అని నిర్ణయమైపోయింది. మా ఆవిడ నన్ను అడగలేదు. కొడైకెనాల్ వెళ్తున్నాం, అమ్మాయికి స్కూలుంది, మీ అమ్మని కోటబొమ్మాళి నుంచి రమ్మన్నాను, పప్పుల డబ్బాలు కింద అరలో ఉన్నాయి అని చెప్పింది, అంతే.

పలాస స్టేషన్లో మెయిలు ఎక్కించాను. మా అత్త ఒక గోనెసంచిలో బియ్యం, ఇంకో సంచిలో ఎండుచేపలు తెచ్చింది. కొండ మీద ఇవి తినే జాతి ఉండదని ఆవిడ నమ్మకం. ఆ సంచి బెర్తు కింద దూర్చగానే ఎదురు సీటు పెద్దమనిషి లేచి తలుపు దగ్గరికి వెళ్ళిపోయాడు. రైలు కదిలింది. మా ఆవిడ కిటికీలోంచి చెయ్యి ఊపింది. మొహంలో బెంగ వెతికాను. కనపడలేదు.

ఆ వారం మా అమ్మ, అమ్మాయి, నేను. అమ్మ వండింది, అమ్మాయి వంకపెట్టింది, నేను తిన్నాను. కాలేజీలో ఎవరో మాస్టారూ, ఇంట్లో ఊరెళ్ళారంట కదా, ఎక్కడికి అని అడిగితే కొడైకెనాల్ అన్నాను. మీరెళ్ళలేదేం అన్నాడు. లీవు దొరకలేదన్నాను. నా ఖాతాలో నూటయాభై రోజుల లీవు మురిగిపోతోంది. నాకు కుళ్ళుగా ఉంది, ఒప్పుకుంటాను. ఊరి మీద కాదు. మా తోడల్లుడి మీద. లెక్క రాని మనిషి నా పెళ్ళాన్ని ఊరు తీసుకెళ్ళాడు, లెక్క వచ్చిన నేను ప్రహరీ గోడ చూసుకుంటూ కూర్చున్నాను.

వచ్చాక ఫొటోలు కడిగించి తెచ్చింది. ముప్పైఆరు. సరస్సు ముందు అందరూ, గుర్రం పక్కన అందరూ, మా అత్త గుర్రాన్ని తిడుతూ. ఒకటి మాత్రం మా వదిన తీసిందట. మా ఆవిడ శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో ఏమీ లేదు. చేటా లేదు, సూదీ లేదు, కత్తిపీటా లేదు. ఊరికే కూర్చుంది. పదిహేనేళ్ళు కలిసి ఉండి కూడా ఆమె అలా కూర్చుంటే ఎలా ఉంటుందో నేను చూడలేదు. ఆ ఫొటో చూస్తుంటే సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, కళ్ళద్దాలు తుడుచుకునే వంకతో సరిపెట్టుకున్నాను.

"ఏమే, మనం కూడా కొనేద్దామా అది? వచ్చే నెల డిపాజిట్టు మెచ్యూర్ అవుతుంది."

ఆమె ఫొటోలు కవర్లో సర్దుతోంది.

"మనకెందుకండీ ఇప్పుడు? అక్కోళ్ళ గదిలో నా మంచం ఉంది కదా" అంది. ఎగతాళి లేదు ఆ మాటలో. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ పై ఏడు మున్నార్ అనుకున్నారు. నేను కాశీబుగ్గ వెళ్ళి, మా తోడల్లుడు పిక్కలు ఆరబెట్టిన కళ్ళంలో నిలబడి, అన్నయ్యా, నేనూ వస్తాను అన్నాను. ఆయన ఒక పిక్క తీసి, చేతిలో ఊపి, చప్పుడు విని, అప్పుడు నా వైపు చూశాడు. ఈ రోజు కోసం మూడేళ్ళు కాచుకుని ఉన్నాడని మొహం చెప్తోంది.

"గదికి నలుగురే తమ్ముడూ. అయిదో మనిషికి రోజుకింతని కట్టాలి. పరుపు కింద ఏత్తారు. నీకది నట్టమేమో, లెక్కేసుకొని సెప్పు."

లెక్క వేయలేదు. అమ్మాయిని మా అమ్మకి అప్పజెప్పి పది రోజులు లీవు పెట్టాను, ఆగస్టులో, సర్వీసులో మొదటిసారి. ప్రిన్సిపాలు ఎవరికి బాగోలేదు అని అడిగాడు. ఎవరికీ కాదు, ఊరికే వెళ్తున్నానన్నాను. ఆయన నా వంక అదోలా చూసి సంతకం పెట్టాడు.

రెండు రైళ్ళు, ఒక జీపు. కొండ ఎక్కుతుంటే వాన. మా అత్త సంచి వాసన జీపంతా పట్టేసింది. ఆ డ్రైవరు ఏ మతం వాడో కానీ మా అత్త ఎత్తిన దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టాడు. మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుని తేయాకు తోటలు చూపిస్తూ, అదిగో, ఇదిగో అని నాకు చెప్తోంది. అన్నిటికీ బుర్ర ఊపాను. చాలా సంతోషంగా ఉంది నాకు. నిజంగా. ఆలస్యమైతే అయింది, వచ్చాను కదా అనుకున్నాను.

రిసెప్షన్లో మా తోడల్లుడు మెంబర్షిప్ కార్డు బల్ల మీద కొట్టి పెట్టాడు, పేకముక్క వేసినట్టు. కౌంటర్లో కుర్రాడు మా పేర్లు వరసగా ఫారంలో రాశాడు. మెంబరు. భార్య. గెస్టు, గెస్టు. నా దగ్గరికి వచ్చేసరికి ఆగి, ఎక్స్‌ట్రా పర్సన్ అని రాసి, అక్కడ సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాడు.

పెన్ను పట్టుకుని చుట్టూ చూశాను. వానాకాలం, హాలంతా ఖాళీ. తాళాల బోర్డు నిండా తాళాలు. మెల్లిగా అడిగాను, డబ్బు కడితే ఇద్దరికి వేరే గది ఇస్తారా అని. ఇస్తామన్నాడు. రేటు చెప్పాడు. నేను ఊహించినదానికి మూడింతలు. నా బుర్రలో ఒక్క అంకె కూడా కదల్లేదు, దేవుడి మీద ఒట్టు. మా ఆవిడని పక్కకి పిలిచాను.

"మనిద్దరికీ వేరే గది తీసుకుంటాను. డబ్బు తెచ్చాను. నువ్వడిగావు కదా, మీరూ నేనూ అని."

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

"ఇప్పుడెందుకండీ. అక్కా నేనూ ఏడాదంతా దాసుకున్న కబుర్లు ఇక్కడే సెప్పుకుంటాం. అలవాటైపోనాది" అంది. ఒక అడుగు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి, "కింద పడుకుంటే మీకు నడుం పట్టీయదా? రెండు దుప్పట్లు అడిగి తీసుకోండి" అని చెప్పి, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది.

కౌంటర్లో కుర్రాడు ఫారం నా వైపు తిప్పాడు. చెప్పిన చోట సంతకం పెట్టి, రెండు దుప్పట్లు అడిగాను.